ఇంటి పద్దులో విదేశం

తెలుగు కుటుంబం ఖర్చుల్లో కొన్ని సర్దుకుంటే తగ్గేవి, కొన్ని ఎంత సర్దుకున్నా తగ్గనివి. కూరగాయలు, నూనె, గ్యాస్, కరెంటు, బస్సు చార్జీలు మొదటి కోవలోవి. పిల్లల చదువు, ఆసుపత్రి, ఆడపిల్ల పెళ్లి, సొంత ఇల్లు రెండో కోవలోవి. ధరల గురించి పత్రికల్లో, చట్టసభల్లో జరిగే చర్చ చాలావరకు మొదటి కోవ చుట్టూనే తిరుగుతుంది. పరాయి దేశం పోవాలన్న ఆలోచన మాత్రం ఎక్కువగా రెండో కోవలోంచే పుడుతుంది. కిలో టమాటా వంద రూపాయలైందని ఎవరూ పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టరు. కొడుకు ఇంటర్ ఫీజు, కూతురి కట్నం, బోరు వేయించిన అప్పు ఒక్కసారే నెత్తిన పడ్డప్పుడు పెడతారు. తీరా వెళ్లడానికి పెట్టే డబ్బే ఆ ఇంటి చరిత్రలో అన్నిటికన్నా పెద్ద ఖర్చుగా తేలుతుంది. ఈ విషయాన్ని సమీక్షించేటప్పుడు ధరలను ఒక గదిలో, వలసను మరో గదిలో పెట్టి చూడడం ఆనవాయితీ. ఇంటి పద్దు పుస్తకంలో మాత్రం రెండూ ఒకే పేజీలో ఉంటాయి.

జాతీయ గణాంక కార్యాలయం 2023-24లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో మనిషి నెల ఖర్చు సగటున గ్రామాల్లో 5,435 రూపాయలు, పట్టణాల్లో 8,978. ఆంధ్రప్రదేశ్‌లో అవి 5,327, 7,182. దేశం మొత్తం మీద సగటు 4,122, 6,996. రెండు తెలుగు రాష్ట్రాలూ దేశపు సగటు కన్నా పైనే ఉన్నాయన్నమాట. దేశవ్యాప్తంగా ఈ ఖర్చులో తిండి వాటా పల్లెల్లో దాదాపు 47 శాతం, పట్టణాల్లో 40 శాతానికి దగ్గర.

తిండి ధరలకు నిలకడ తక్కువ. 2023 జులైలో టమాటా కారణంగా దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతానికి చేరింది. అప్పుడు మదనపల్లె మార్కెట్లో బంగారంలా అమ్ముడైన కాయనే గిట్టుబాటు లేని రోజుల్లో రైతులు రోడ్డు పక్కన పారబోస్తుంటారు. 2024 అక్టోబరులో కూరగాయలు మళ్లీ మండడంతో ద్రవ్యోల్బణం 6.21 శాతమైంది. సరిగ్గా ఏడాదికి, 2025 అక్టోబరులో, అది 0.25 శాతానికి జారిపోయింది. లెక్క ప్రకారం ఆ నెల గృహిణికి పండగ. అయినా చేతిలో డబ్బు మిగిలిందన్న ఇల్లు కనిపించలేదంటే కారణం సూచీ తయారీలోనే ఉంది. 2012ను ఆధార సంవత్సరంగా తీసుకున్న ఆ సూచీలో ఆహార పానీయాల వాటా 45.86 శాతం, చదువు వాటా 4.46, వైద్యం వాటా 5.89. దేశంలోని అన్ని ఇళ్లనూ కలిపి తీసిన సగటుగా అది సరైనదే కావచ్చు. ఇద్దరు పిల్లల్ని కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉంచి చదివిస్తున్న గుంటూరు గుమాస్తాకు, వరంగల్ చిల్లర వ్యాపారికి మాత్రం చదువు వాటా నాలుగున్నర శాతం అంటే నవ్వొస్తుంది. టమాటా ఎక్కినట్టే దిగుతుంది. ఎక్కిన ఫీజు దిగిందని ఇంతవరకు ఎవరూ వినలేదు.

నూనె సంగతి వేరు. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్ల వైపు నుంచి. 2024 సెప్టెంబరులో కేంద్రం దిగుమతి సుంకం పెంచగానే కొట్లో ప్యాకెట్ ధర మారింది. 2025 మేలో ముడినూనెపై సుంకాన్ని మళ్లీ తగ్గించారు. దీనికి తోడు రూపాయి విలువ. 2025 డిసెంబరులో డాలరు తొలిసారి 90 రూపాయలు దాటింది. రూపాయి పడితే దిగుమతి సరుకుకు ఎక్కువ ఇచ్చుకోవాలి. అదే ఊళ్లో, అదే వీధిలో, దుబాయ్ నుంచి డబ్బు అందుకునే ఇంటికి మాత్రం ఆ పతనమే కలిసొస్తుంది. దిర్హమ్ 1997 నుంచి డాలరుకు ముడిపడి ఉంది కాబట్టి డాలరు పెరిగినంతా దిర్హమూ పెరుగుతుంది. ఒకే కారణానికి ఒక ఇంట్లో దిగులు, పక్కింట్లో ఊరట. పరాయి దేశం పోవాలన్న ఆశ ఊళ్లో అంటువ్యాధిలా పాకడానికి ఇదొక్కటి చాలు.

సర్దుకోగల ఖర్చుల్లో ప్రభుత్వాలు చాలాకాలంగా భాగం పంచుకుంటున్నాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం దీనికి మొదలు. ఆ తర్వాతి జాబితా పెద్దదే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, ఆ కాలంలోనే ఫీజు రీయింబర్స్‌మెంటూ వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు, 2024 నుంచి 500 రూపాయల సిలిండరు, 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు, 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద సన్నబియ్యం అమలవుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు, 2025 ఆగస్టు 15 నుంచి ఉచిత బస్సు ఉన్నాయి. వీటిని తాయిలాలని ఎగతాళి చేసేవారు ఒక్క నెల ఆ ఇళ్ల పద్దు చూస్తే మాట మార్చుకుంటారు. అయితే ఈ సాయమంతా వంటింటికీ బస్సు టికెట్‌కూ సరిపోతుంది. ప్రైవేటు బడి, ప్రైవేటు ఆసుపత్రి, కల్యాణ మండపం దాకా వెళ్లదు. ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ దిక్కుగా వేసిన అడుగులే. కానీ బకాయిల పేరుతో అవి తరచూ మధ్యలో ఆగుతుంటాయి.

ఆ మిగతా ఖర్చులకు ఇంటివాళ్లు వేసుకునే దారులు పాతవే. మొదటిది చీటీ. ఇరవై మంది నెలకు ఐదేసి వేలు వేస్తే లక్ష రూపాయల చీటీ. అవసరం ఎక్కువున్నవాడు పాతికవేలు తగ్గించి పాడుకుంటే చేతికి 75 వేలు వస్తాయి. తగ్గిన డబ్బులో చీటీ నడిపే మనిషి కమీషన్ పోగా మిగిలింది అందరూ పంచుకుంటారు. 1982 చిట్ ఫండ్ చట్టం ప్రకారం రిజిస్టరైన కంపెనీలున్నా, కాలనీల్లో నమ్మకం మీద నడిచే చీటీలే ఎక్కువ. నడిపే మనిషి రాత్రికి రాత్రి తాళం వేసి పోయాడన్న వార్త ఏటా ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంటుంది. రెండోది బంగారం తాకట్టు. 2025లో పది గ్రాములు లక్ష దాటాక అదే గొలుసు మీద ఎక్కువ అప్పు పుడుతోంది, కొత్త గొలుసు కొనడం మాత్రం తలకు మించిన పనైంది. మూడోది ఆడవాళ్ల పొదుపు సంఘం. 1992 నాటి నెల్లూరు జిల్లా దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం వెంట, రోజుకో రూపాయి దాచుకోవడంగా మొదలైన ఈ అలవాటు డ్వాక్రాగా, పావలా వడ్డీగా, బ్యాంకు లింకేజీగా పెరిగింది. దాని పక్కనే సూక్ష్మరుణ సంస్థలూ పెరిగి, వారం వారం వసూళ్ల ఒత్తిడి ఆత్మహత్యల దాకా పోవడంతో 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. నాలుగోది నూటికి రెండు రూపాయల వడ్డీ అప్పు. రెండు అన్న మాట చిన్నగా వినిపిస్తుంది. అది నెల వడ్డీ, ఏడాదికి 24 శాతం.

ఈ నాలుగు దారులూ చివరికి ఒకేచోట, విదేశీ ప్రయాణం దగ్గర, కలుస్తాయి. ఫీజు కోసం వేసిన చీటీని ఏజెంటు డబ్బు కోసం పాడుకుంటారు. పెళ్లికని దాచిన బంగారం వీసా కోసం బ్యాంకు లాకర్లోకి పోతుంది.

తెలుగువాళ్లు కడుపు చేత పట్టుకుని సముద్రం దాటడం కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దంలో గోదావరి, విశాఖ తీరాల నుంచి మారిషస్, నేటాల్ తోటలకు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫిజీ తోటలకు కూలీలు వెళ్లారు. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో తెలుగు కూలీలు ఎంతమంది ఉండేవారంటే, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ వాళ్లను కోరంగీలనే పిలిచేవారు. తెలంగాణ నేతగాళ్లు భివండీ, షోలాపూర్‌లకు, పాలమూరు కూలీలు దేశంలో ఆనకట్ట కట్టే ప్రతిచోటికీ వెళ్లారు. గల్ఫ్ దారి తెరుచుకున్నది 1970ల చమురు ధరల పెరుగుదలతో. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ ప్రాంతాల మెట్ట పొలాల్లో బోర్లు ఎండిన ఏళ్లలో ఆ దారి బాగా వెడల్పయింది. భర్త దుబాయ్‌లో, భార్య ఇంట్లో బీడీలు చుడుతూ ఉండడం అక్కడి పల్లెల్లో సాధారణ దృశ్యం. ఆంధ్రలో కడప, రాజంపేట, రాయచోటి, కోనసీమ, నరసాపురం ప్రాంతాలకు కువైట్ దగ్గరి ఊరు లాంటిది.

గల్ఫ్ ప్రయాణపు లెక్క ఒకసారి కాగితం మీద వేస్తే తప్ప అర్థం కాదు. చట్టం ప్రకారం లైసెన్సున్న ఏజెంటు ఒక మనిషి దగ్గర 30 వేల రూపాయలు, దాని మీద పన్ను మించి తీసుకోకూడదు. వాస్తవంలో సబ్ ఏజెంట్ల చేతులు మారి అది లక్ష దాటుతుంది. అన్నీ కలిపి ఒక మనిషికి రెండు లక్షలు నూటికి రెండు వడ్డీకి తెచ్చాడనుకుందాం. జీతం వెయ్యి దిర్హమ్‌లు, దిర్హమ్ 24 రూపాయలు. తిండికి, ఫోనుకు 300 దిర్హమ్‌లు పోతే ఇంటికి పంపేది 16,800. అందులో ఎనిమిది వేలు ఇంటి ఖర్చుకు. మిగిలిన 8,800లో మొదటి నెల నాలుగు వేలు వడ్డీకే. ఒక్క నెలా జీతం ఆగకుండా, ఒక్క జ్వరమూ రాకుండా ఉంటే ఈ అప్పు తీరడానికి రెండున్నరేళ్లు. కంపెనీ ఒప్పందం మామూలుగా రెండేళ్లు. మొదటి విడత వెళ్లడం అప్పు తీర్చడానికి, రెండో విడత సంపాదించడానికి అని గల్ఫ్ పల్లెల్లో చెప్పుకునే మాట వెనక ఈ లెక్కే ఉంది.

లెక్క తప్పేది వీసా దగ్గర. కంపెనీ వీసాకు పని, గది, అకామా (నివాస అనుమతి) ఉంటాయి. ఆజాద్ వీసా అని ఊళ్లో అమ్మేది చట్టంలో ఎక్కడా లేదు. ఎవరో ఖఫీల్ (పూచీ ఉండే యజమాని) పేరు మీద వెళ్లి బయట ఎక్కడైనా పని వెతుక్కోవడం అది. అలా బయట పనిచేస్తూ దొరికినా, ఖఫీల్ పారిపోయాడని రాయించినా, అకామా గడువు తీరినా ఆ మనిషి ఖల్లివెల్లి (చట్టవిరుద్ధంగా ఉంటున్నవాడు) అవుతాడు. ఇక జీతం అడిగే హక్కూ ఉండదు, ఇంటికొచ్చే దారీ ఉండదు. 2018, 2020, 2024 సంవత్సరాల్లో కువైట్ ప్రకటించిన క్షమాభిక్షల్లో ఔట్‌పాసు (తాత్కాలిక ప్రయాణ పత్రం) తీసుకుని తిరిగొచ్చినవారిలో తెలుగువాళ్లు చాలామంది. పదో తరగతి పాసవని వారి పాస్‌పోర్టు మీద 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలన్న నిబంధన ఉంది. ఈ రెండింటినీ తప్పించుకోవడానికే ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతారు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఖద్దామాలుగా (ఇంటి పనిమనుషులుగా) వెళ్లిన ఆడవాళ్ల కష్టాలకు సగం మూలం ఆ విజిట్ వీసాయే. ఇంట్లో పని కాబట్టి ఫ్యాక్టరీ తనిఖీలాంటిది వాళ్ల దాకా రాదు. కంపెనీ గదిలో ఉన్నా ముప్పు తప్పదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు. వారిలో ఆంధ్రప్రదేశ్‌ వాళ్లూ ఉన్నారు.

అమెరికా కథ చూడ్డానికి దీనికి పూర్తిగా భిన్నం. వెళ్లేవాడు ఇంజనీరు, పంపేది బ్యాంకు, దొరికేది డాలరు జీతం. దీనికి పునాది 1990లో అమెరికా చేసిన చట్టం. దాంతో వచ్చిన హెచ్‌-1బీ ఉద్యోగ వీసాలు, శతాబ్దం చివర వైటూకే పని, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు కలిసి మొదటి తరాన్ని పంపాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ అండతో ఇంజనీరింగ్ కాలేజీలు వందల్లో పుట్టుకొచ్చాయి. అంతమందికి ఇక్కడ తగిన ఉద్యోగాలు లేవు. డిగ్రీ చేతిలో పట్టుకుని పదిహేను వేల జీతానికి హైదరాబాద్ హాస్టల్లో ఉండడమా, ఎంఎస్‌కు పోవడమా అన్న ప్రశ్నకు జవాబు అప్పు తీసుకుని పోవడమే అయింది. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో అన్నిటికన్నా వేగంగా, 86 శాతం, పెరిగిన భాష తెలుగు. 2024-25లో అక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. చిలుకూరు బాలాజీకి వీసా దేవుడన్న పేరు ఊరికే రాలేదు. మొక్కేటప్పుడు 11 ప్రదక్షిణలు, పని జరిగాక 108. అన్ని దరఖాస్తుల్లోకీ ఇదొక్కటే ఫీజు లేనిది.

ఈ దారిలో లెక్క ఇంకా బరువైనది. ఫీజుకు, రెండేళ్ల బతుకుకు 40 లక్షలు 11 శాతం వడ్డీకి తీసుకుంటే నెల వడ్డీయే 36 వేల 600 దాటుతుంది. పై సర్వే చెప్పిన పట్టణ తెలంగాణ సగటు తీసుకుంటే నలుగురున్న ఇంటి నెల ఖర్చు మొత్తం సుమారు 35,900. అంటే ఒక కొడుకు చదువప్పు వడ్డీ ఒక సంసారమంత. తాకట్టు లేకుండా ప్రభుత్వ బ్యాంకులిచ్చేది తక్కువ కాబట్టి ఇల్లో పొలమో కుదువలోకి పోతుంది. వీసా ఇంటర్వ్యూలో చూపించడానికి కొందరు బ్యాంకు నిల్వను కూడా వడ్డీకి తెస్తారు. చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి కింద ఏడాది, సైన్సు, ఇంజనీరింగ్ వాళ్లకు మరో 24 నెలలు పనిచేయవచ్చు. మొదటి ఏడాదిలో 90 రోజులకు మించి పని లేకుండా ఉంటే వీసా పోతుంది. ఆ తర్వాత హెచ్‌-1బీ లాటరీ. ఏడాదికి 65 వేలు, అమెరికాలో పైచదువు చదివినవారికి మరో 20 వేలు. దాన్నీ దాటితే గ్రీన్‌కార్డు క్యూ. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదన్న నియమం వల్ల భారతీయులకు అది దశాబ్దాల పొడవు. చదువుకునే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకుండా, అదీ క్యాంపస్‌లోనే పని చేయాలన్నది చట్టం. వడ్డీ కోసం గ్యాస్ స్టేషన్లో, హోటల్లో దొంగచాటుగా పనిచేసేవాడికి 2025 నుంచి ఆ పని భయంతో కూడుకున్నదైంది.

తలుపులు ఒక్కొక్కటిగా బిగుస్తున్నాయి. 2024లో కెనడా విద్యార్థి పర్మిట్లకు పరిమితి పెట్టి, ఖాతాలో చూపాల్సిన డబ్బును పదివేల డాలర్ల నుంచి 20,635కు పెంచింది. అదే ఏడాది నుంచి బ్రిటన్‌లో మామూలు ఎంఎస్ విద్యార్థి భార్యను, పిల్లల్ని తీసుకుపోలేడు. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. అక్కడే చదివి వీసా మార్చుకునేవారికి అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చింది. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ఫీజు లేదు కానీ ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంట్లో వేయాలి. ఉచితమన్న కన్సల్టెన్సీ పోస్టరు మీద ఆ అంకె చిన్న అక్షరాల్లో ఉంటుంది.

దారి ఇరుకైన కొద్దీ అడ్డదారుల వ్యాపారం పెరుగుతుంది. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ బోగస్ అని తేలినప్పుడు కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించుకున్న విద్యార్థుల్లో ఎక్కువమంది తెలుగువాళ్లే. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అమెరికా ప్రభుత్వ అధికారులే పన్నిన వల. అందులో చిక్కినవారిలోనూ చాలామంది తెలుగువాళ్లే. ఇటీవల డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా, మయన్మార్‌లకు తీసుకుపోయి సైబర్ మోసాలు చేయించిన ముఠాల చేతికి తెలుగు జిల్లాల కుర్రాళ్లు చిక్కారు. 2025 మార్చిలో థాయ్‌లాండ్‌లోని మేసోట్ నుంచి సైనిక విమానాల్లో వెనక్కి తెచ్చిన భారతీయుల్లో వాళ్లూ ఉన్నారు.

వెళ్లి నిలదొక్కుకున్నవారు పంపే డబ్బు చిన్నది కాదు. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో దేశానికి వచ్చిన 118.7 బిలియన్ డాలర్లలో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4. పంపిన దేశాల్లో అమెరికా 27.7 శాతంతో మొదటిది, యూఏఈ 19.2 శాతంతో రెండోది. 2016-17లో యూఏఈయే ముందుండేది. కూలీ పంపే డబ్బు కన్నా ఇంజనీరు పంపే డబ్బు పెరిగిందని దీని అర్థం. పెంకుటిల్లు డాబా అయింది, చెల్లెలి పెళ్లయింది, తండ్రికి గుండె ఆపరేషన్ జరిగింది. వీటిని తక్కువ చేసి చూడలేం. కానీ ఆ డబ్బు ఊళ్లో దిగగానే అక్కడే ఉండిపోయిన వాళ్ల ధరలనూ పెంచుతుంది. డాలరు కొనుగోలుదారు వచ్చాక ఎకరం ధర సేద్యంతో సంబంధం లేకుండా పెరుగుతుంది. అమెరికా సంబంధం కట్నానికి ఒక మెట్టు పైన కొత్త మెట్టు కడుతుంది. పక్కింటి పిల్లలు ఇంగ్లిష్ మీడియం బస్సెక్కితే ఈ ఇంటి పిల్లలూ ఎక్కాల్సిందే. ఏ ఖర్చుల నుంచి పారిపోదామని ఒకడు విమానం ఎక్కాడో ఆ ఖర్చులనే పొరుగువాడి నెత్తిన పెంచి, వాణ్నీ ఏజెంటు దగ్గరికి పంపిస్తాడు. కరీంనగర్, పెద్దపల్లి ప్రాంతాల్లో నాట్లు వేయడానికి, రైసుమిల్లుల్లో బస్తాలు మోయడానికి ఇప్పుడు బీహారు నుంచి కూలీలు వస్తున్నారు. వాళ్ల ఊళ్లలో ఇదే లెక్క మరో భాషలో నడుస్తోంది.

ఈ మొత్తంలో ప్రభుత్వం చేయగలిగింది ప్రయాణపు ఖర్చును, ప్రమాదాన్ని తగ్గించడం. కేరళ 1996లోనే ప్రవాసులకు ప్రత్యేక శాఖ పెట్టింది. తెలుగు రాష్ట్రాల్లో తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రకు ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నా గల్ఫ్ పల్లెల్లో వాటి పేరు తెలిసినవారి కన్నా సబ్ ఏజెంటు ఫోన్ నంబరు తెలిసినవారే ఎక్కువ. ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు తెలంగాణ ఇచ్చే 20 లక్షల విదేశీ విద్యానిధి మంచి పథకం. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఐదు లక్షలివ్వాలని 2024లో ఆ ప్రభుత్వం నిర్ణయించింది. బతికుండగా ఏజెంటు దోపిడీని ఆపే ఏర్పాటు మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ బలహీనమే.

వెళ్లాలనుకునే వాళ్లు ముందుగా చేయగల పని ఒకటుంది. ఏజెంటు లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఉందో లేదో చూసుకోవాలి. ఎమిగ్రేషన్ అనుమతితో వెళ్లే ప్రతి కార్మికుడికీ ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల ప్రమాద బీమా ఉంటుంది. రెండేళ్లకు ప్రీమియం, పన్ను కాక, 275 రూపాయలు. విజిట్ వీసా మీద పనికి వెళ్లినవారికి ఆ బీమా లేదు.